ఓవర్‌క్లాక్ చేసినా స్పీడు నిలవడం లేదా? పవర్ లిమిట్లు, థ్రాట్లింగ్ పట్టుకుని సరిచేసే పద్ధతి

"అన్నా, పెట్టె మీద 6 గిగాహెర్ట్జ్ అని ఉంది. రెండర్ పెట్టిన నిమిషానికే 4.6కి దిగిపోతోంది. బోర్డు పోయిందంటావా?" శ్రీకాకుళం, విజయనగరం వైపు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, 3డీ నేర్చుకుంటున్న ఇంజనీరింగ్ కుర్రాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. చాలాసార్లు బోర్డూ బాగానే ఉంటుంది, ప్రాసెసరూ బాగానే ఉంటుంది. ఏదో ఒక హద్దు తగిలి స్పీడు తగ్గుతుంది, దీన్నే థ్రాట్లింగ్ అంటారు. ఆ హద్దు ఏదో తెలుసుకోకుండా బయోస్‌లో (బోర్డు సెట్టింగులు ఉండే చోటు) కనిపించిన ప్రతి అంకెనూ పెంచేస్తే మంచి ప్రాసెసర్ కూడా పాడవుతుంది.

అందుకే పని వరుసగా చేయాలి. ఏ హద్దు తగిలిందో ముందు చదవండి. ఆ ఒక్కదాన్నే కదపండి. మళ్లీ కొలవండి. కింద రాసినదంతా ఈ మూడింటి చుట్టూనే ఉంటుంది.

1. మొదలుపెట్టే ముందు

మీ బోర్డు ఓవర్‌క్లాకింగ్‌కు, అంటే కంపెనీ పెట్టిన స్పీడు దాటించి నడపడానికి, ఒప్పుకుంటుందో లేదో ముందు చూడండి. ఇంటెల్‌లో పేరు చివర కే ఉన్న ప్రాసెసర్ ఉండాలి, బోర్డు జెడ్ సిరీస్‌ది అయ్యుండాలి. బీ760 లాంటి బోర్డుల్లో పవర్ లిమిట్లు మార్చుకోవచ్చు కానీ కోర్ మల్టిప్లయర్ (కోర్ల స్పీడును తేల్చే గుణకం) పెంచలేరు. ఏఎండీలో బీ650, ఎక్స్670 బోర్డులు సరిపోతాయి, ఏ620 పనికిరాదు. కంపెనీ బిగించి అమ్మిన రెడీమేడ్ డెస్క్‌టాప్ అయితే ఈ సెట్టింగులు తాళం వేసి ఉండవచ్చు.

సిద్ధం చేసుకోవలసినవి:

- హెచ్‌డబ్ల్యూఇన్ఫో64. సెన్సార్లు చదవడానికి ఇది ఒక్కటే చాలు.
- సినీబెంచ్ ఆర్23, ఓసీసీటీ. మొదటిది కొలతకు, రెండోది పరీక్షకు.
- గది ఉష్ణోగ్రత చూపే చిన్న థర్మామీటర్. దీన్ని వదిలేయకండి.
- ఒక నోట్‌బుక్కు. మార్చిన ప్రతి సెట్టింగూ, వచ్చిన ప్రతి స్కోరూ తేదీతో రాయాలి.
- బయోస్‌లోని ప్రతి పేజీకి ఫోనుతో తీసిన ఫోటో.
- ఎడిటింగ్ ప్రాజెక్టులు, పెళ్లివారి ఫుటేజీ మరో డ్రైవ్‌లో కాపీ. పరీక్షల మధ్యలో సిస్టమ్ ఆగిపోతే ఫైళ్లు పాడవ్వచ్చు. ఇంకొకరి ఇంటి శుభకార్యం మళ్లీ షూట్ చేయలేం కదా.

తర్వాత బయోస్ అప్‌డేట్. ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్ వాడుతుంటే ఇది తప్పనిసరి. ఆ ప్రాసెసర్లు అవసరానికి మించి వోల్టేజీ అడిగి క్రమంగా దెబ్బతింటున్నాయని తేలాక ఇంటెల్ 2024 ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనల సవరణ) ఇచ్చింది. అది 1.55 వోల్టులకు మించిన అభ్యర్థనలను అడ్డుకుంటుంది. సెప్టెంబరులో 0ఎక్స్12బీ వచ్చింది. మీ బోర్డు కంపెనీ ఇచ్చిన తాజా బయోస్‌లో ఇవన్నీ కలిసే ఉంటాయి. పాత బయోస్ మీద ఓవర్‌క్లాక్ ప్రయత్నమే చేయవద్దు.

అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. అందుకని యూపీఎస్ మీదే చేయండి. గాలివాన సూచన ఉన్న రోజు అసలు ముట్టుకోవద్దు. అప్‌డేట్ తర్వాత పాత సెట్టింగులన్నీ చెరిగిపోతాయి, ఫోటోలు తీయమన్నది అందుకే.

వారంటీ సంగతి కూడా ముందే తెలుసుకోండి. తయారీదారు పెట్టిన పరిమితులు దాటించి నడిపితే వచ్చే నష్టానికి వారంటీ వర్తించకపోవచ్చు. ఏఎండీలో పీబీఓ (ఏఎండీ సొంత ఓవర్‌క్లాకింగ్ సెట్టింగు) ఆన్ చేయడమూ దీని కిందికే వస్తుంది.

2. ప్రాసెసర్‌ను ఆపే హద్దులు

ఇంటెల్‌లో పీఎల్1 అంటే ఎక్కువసేపు వాడుకోనిచ్చే వాట్లు. పీఎల్2 అంటే కాసేపటికి ఇచ్చే వాట్లు. ఆ కాసేపు ఎంతన్నది టౌ అనే సమయం తేలుస్తుంది. కోర్ ఐ9-10900కేలో ఇవి 125 వాట్లు, 250 వాట్లు, 56 సెకన్లు. ఐ9-13900కే, 14900కేలకు బేస్ పవర్ 125 వాట్లు, గరిష్ఠ టర్బో పవర్ 253 వాట్లు. కోర్ అల్ట్రా 9 285కేకి 125, 250.

"నిమిషం వరకు బాగుంది, తర్వాత పడిపోయింది" అని ఎవరైనా చెబితే ముందుగా అనుమానించాల్సింది టౌనే.

వీటితోపాటు ఐసీసీ మ్యాక్స్ అని ఆంపియర్ల హద్దు ఒకటి ఉంది. 14900కేకి ఇంటెల్ పెర్ఫార్మెన్స్ ప్రొఫైల్‌లో అది 307 ఆంపియర్లు.

ఏఎండీలో మూడు పేర్లు వినిపిస్తాయి. సాకెట్‌కు అందే మొత్తం వాట్లు పీపీటీ. ఎక్కువసేపు తీసుకోగల ఆంపియర్లు టీడీసీ. క్షణకాలం తీసుకోగల ఆంపియర్లు ఈడీసీ. రైజన్ 9 7950ఎక్స్‌కు ఇవి 230 వాట్లు, 160 ఆంపియర్లు, 225 ఆంపియర్లు. 5950ఎక్స్‌కు 142, 95, 140.

వేడి హద్దు విడిగా ఉంటుంది. 14900కేకి 100 డిగ్రీలు, 285కేకి 105, 7950ఎక్స్‌కు 95, 5950ఎక్స్‌కు 90. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 7950ఎక్స్ ఫుల్ లోడులో 95 డిగ్రీల దగ్గర నిలబడితే అది జబ్బు లక్షణం కాదు. కూలింగ్ ఉన్నంతమేరా 95 వరకు వెళ్లి అక్కడ స్పీడు సర్దుకునేలాగే దాన్ని తయారుచేశారు. 95 చూసి భయపడి కూలర్ మీద కూలర్ మార్చకండి.

పెట్టె మీది 6 గిగాహెర్ట్జ్ సంగతి: 14900కేలో అది ఒకటి రెండు కోర్లకే, అదీ ప్రాసెసర్ 70 డిగ్రీల లోపు ఉన్నప్పుడే. అన్ని పెద్ద కోర్లూ కలిసి పనిచేస్తే గరిష్ఠం 5.7. రెండర్‌లో 6 ఆశించకూడదు.

3. స్టాక్ కొలత ముందు తీసుకోండి

బయోస్‌లో డిఫాల్ట్ సెట్టింగులు లోడ్ చేయండి. ర్యామ్ స్పీడు పెంచే ప్రొఫైళ్లు ఎక్స్ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఇప్పుడే ఆన్ చేయవద్దు. ర్యామ్ తప్పులు, ప్రాసెసర్ తప్పులు కలిసిపోతే విడదీయడం చాలా కష్టం.

డిఫాల్ట్ అన్న మాటను కూడా పూర్తిగా నమ్మలేం. చాలా జెడ్ బోర్డులు పీఎల్1, పీఎల్2లను 4095 లేదా 4096 వాట్లుగా పెట్టి వచ్చేవి. అంటే లిమిట్ లేనట్టే. ఎంఎస్ఐలో కూలర్ రకం ఎంచుకోమని అడిగే పేజీలో వాటర్ కూలర్ అంటే ఇదే జరిగేది. ఆసుస్‌లో మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్ పేరుతో ఉంటుంది. తాజా బయోస్‌లో ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ అన్న ఎంపిక కనిపిస్తే దాన్నే పెట్టండి.

ఇప్పుడు వరుసగా:

1. కంప్యూటర్ ఆన్ చేసి పది నిమిషాలు ఖాళీగా వదిలేయండి.
2. గది ఉష్ణోగ్రత రాయండి.
3. హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి గడియారం గుర్తు నొక్కి పాత గరిష్ఠాలు చెరిపేయండి. బూట్ సమయంలో క్షణకాలం వచ్చిన గుర్తులు మిమ్మల్ని తప్పుదారి పట్టించకుండా ఉంటాయి.
4. సినీబెంచ్ ఆర్23 మల్టీకోర్ పరీక్ష పది నిమిషాల పాటు నడపండి. ఒక్క రౌండ్ సరిపోదు, టౌ దాటాలి, కూలర్ నిండా వేడెక్కాలి.
5. స్కోరు, ప్యాకేజీ పవర్ (ప్రాసెసర్ మొత్తం తాగే వాట్లు), గరిష్ఠ ఉష్ణోగ్రత, వీకోర్ (కోర్లకు అందే వోల్టేజీ), ఎఫెక్టివ్ క్లాక్ (కోర్లు నిజంగా పనిచేసిన స్పీడు) రాసుకోండి.

ఇక మీదట చేసే ప్రతి మార్పునూ ఈ కొలతతోనే పోల్చాలి.

4. ఏ హద్దు తగిలిందో చదవడం

ఈ గైడులో అన్నింటికన్నా ముఖ్యమైన భాగం ఇదే, తొందరపడకుండా చదవండి.

ఇంటెల్ అయితే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో పెర్ఫార్మెన్స్ లిమిట్ రీజన్స్ అన్న భాగం తెరవండి. ఒక్కో వరుసకు ఎస్ (అవును) లేదా నో (కాదు) ఉంటుంది. పరీక్ష నడుస్తుండగా కరెంట్ (ఇప్పటి విలువ) కాలమ్‌లో ఏది ఎస్ చూపిస్తుందో చూడాలి. మ్యాక్సిమమ్ కాలమ్‌లో ఎస్ ఉంటే ఎప్పుడో ఒకసారి తగిలిందని మాత్రమే అర్థం.

- పీఎల్1 లేదా పీఎల్2 వరుసలో ఎస్: పవర్ లిమిట్. 5వ భాగానికి వెళ్లండి.
- ఎలక్ట్రికల్ డిజైన్ పాయింట్ వరుసలో ఎస్: ఆంపియర్ల హద్దు. 6వ భాగం.
- థర్మల్ ఈవెంట్ లేదా కోర్ థర్మల్ థ్రాట్లింగ్ ఎస్: వేడి. 7వ భాగం.
- వీఆర్ థర్మల్ అలర్ట్, వీఆర్ టీడీసీ ఎస్: బోర్డు మీది కరెంటు సర్క్యూట్. 8వ భాగం.
- ప్రోక్‌హాట్ (వేడెక్కిందని చెప్పే సంకేతం) ఎస్, కానీ ప్రాసెసర్ చల్లగా ఉంది: బయటి నుంచి ఎవరో బ్రేకు వేస్తున్నారు. ఇదీ 8వ భాగమే.
- మ్యాక్స్ టర్బో లిమిట్ ఎస్: కంగారు వద్దు. పెట్టిన మల్టిప్లయర్ పైకొస వరకు వెళ్లిందని మాత్రమే దాని అర్థం.

అదే ప్రోగ్రామ్‌లో పీఎల్1 స్టాటిక్, డైనమిక్ విలువలు కూడా కనిపిస్తాయి. బయోస్‌లో 253 పెట్టారు, ఇక్కడ 125 చూపిస్తోందంటే మీ సెట్టింగ్ అమల్లోకి రాలేదు. ఎక్స్‌టీయూ (ఇంటెల్ ఓవర్‌క్లాకింగ్ ప్రోగ్రామ్) గానీ బోర్డు కంపెనీ సాఫ్ట్‌వేర్ గానీ విండోస్ లేచాక దాన్ని తిరగరాస్తూ ఉండవచ్చు. అలాంటివి తీసేసి, సెట్టింగులు బయోస్ ఒక్కచోటే పెట్టుకోవడం మంచిది.

ఏఎండీ అయితే పీపీటీ, టీడీసీ, ఈడీసీ లిమిట్ శాతాలు కనిపిస్తాయి. ఏది 100 తాకితే అదే మీ హద్దు. మూడూ 100కి దూరంగా ఉండి ఉష్ణోగ్రత 95 దగ్గర ఉంటే వేడే హద్దు. థర్మల్ థ్రాట్లింగ్ కింద హెచ్‌టీసీ, ప్రోక్‌హాట్ సీపీయూ, ప్రోక్‌హాట్ ఎక్స్‌టర్నల్ అని మూడు వరుసలుంటాయి. చివరిది ఎస్ అయితే బోర్డు ఆపుతోందన్నమాట.

ఒక హద్దు తీసేస్తే వెనకాల ఇంకొకటి ఎదురవుతుంది. పవర్ లిమిట్ పెంచగానే వేడి తగలడం మామూలే. అలా జరిగితే మళ్లీ ఈ భాగానికి రండి, చదవండి, ముందుకు వెళ్లండి.

5. పవర్ లిమిట్ తగిలితే

అందరూ చేసే మొదటి పని లిమిట్ పెంచడం. నేను దాన్ని చివరికి ఉంచమంటాను. ముందు వోల్టేజీ తగ్గించండి.

కారణం లెక్కలోనే ఉంది. ప్రాసెసర్ తాగే పవర్ స్పీడుకు అనులోమంగానూ, వోల్టేజీ వర్గానికి అనులోమంగానూ పెరుగుతుంది. అదే స్పీడులో 1.40 వోల్టుల నుంచి 1.30కి దించగలిగితే పవర్ సుమారు 14 శాతం తగ్గుతుంది. 253 వాట్ల దగ్గర అది 35 వాట్ల మిగులు. అదే లిమిట్ లోపల ప్రాసెసర్ ఆ మిగులును స్పీడుగా మార్చుకుంటుంది. వేడి పెరగదు, బోర్డు మీద భారం పడదు.

ఇంటెల్‌లో: అడాప్టివ్ మోడ్‌లో నెగెటివ్ ఆఫ్‌సెట్ (మామూలు వోల్టేజీలోంచి తీసివేత) 0.025 వోల్టులతో మొదలుపెట్టండి. పది నిమిషాల సినీబెంచ్, అరగంట ఓసీసీటీ. నిలిస్తే మరో 0.025. తప్పు వస్తే ఒక మెట్టు వెనక్కి.

ఏఎండీలో: పీబీఓ కింద కర్వ్ ఆప్టిమైజర్ (కోర్ల వోల్టేజీ తగ్గించే సెట్టింగు), అన్ని కోర్లకూ మైనస్ 10తో ప్రారంభం. నిలిస్తే మైనస్ 15, మైనస్ 20. ఇక్కడ ఒక మెలిక ఉంది. కర్వ్ ఆప్టిమైజర్ తప్పులు ఫుల్ లోడులో కనిపించకపోవచ్చు. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడో, బ్రౌజర్ ఒక్కటే తెరిచి ఉన్నప్పుడో ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. అందుకే ఒక్కో కోర్‌ను విడిగా పరీక్షించే కోర్‌సైక్లర్ లాంటి ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడపాలి.

వోల్టేజీ తగ్గించాక కూడా పీఎల్1 తగులుతుంటే, కూలర్‌లో ఇంకా చోటుంటే, అప్పుడు లిమిట్ పెంచండి. ఇంటెల్‌లో పీఎల్1ను పీఎల్2తో సమానం చేయండి, 14900కేలో అంటే 253, 253. దానితో టౌ సమస్య తీరిపోతుంది. 4096 పెట్టవద్దు. లిమిట్ లేని 13900కే, 14900కేలు ఫుల్ లోడులో 300 వాట్లు దాటిపోతాయి, కూలర్ ఆ వేడి లాగలేదు, చివరికి వేడి హద్దు దగ్గరే ఆగుతాయి. వచ్చే అదనపు స్పీడు మాత్రం కొద్దిగానే ఉంటుంది.

ఏఎండీలో పీబీఓ స్కేలర్‌ను ఆటోలోనే ఉంచండి. పీపీటీని 10, 20 వాట్ల చొప్పున పెంచి, స్కోరు పెరగడం ఎక్కడ ఆగిపోయిందో చూసి ఒక మెట్టు దిగండి.

6. ఆంపియర్ల హద్దు తగిలితే

ఇది ఎక్కువగా ప్రైమ్95 స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ లాంటి బరువైన ఏవీఎక్స్ (ఒకేసారి బోలెడు లెక్కలు చేయించే సూచనలు) పనుల్లో వస్తుంది. మీ అసలు పని ప్రీమియర్ ప్రో, రిజాల్వ్, బ్లెండర్ అయితే ముందు వాటిలో ఈ హద్దు తగులుతోందా అని చూడండి. తగలకపోతే వదిలేయండి. ఎప్పుడూ నడపని ప్రోగ్రామ్ కోసం హద్దు ఎత్తడం ఎందుకు?

తగులుతుంటే, 14900కే అయితే ఐసీసీ మ్యాక్స్‌ను ఇంటెల్ చెప్పిన 307 వరకు తీసుకురండి. కొన్ని బోర్డుల్లో అంతకన్నా తక్కువ ఉండి ఇబ్బంది పెడుతుంది. కొన్నింటిలో 511 లాంటి పెద్ద అంకె ఉంటుంది, దాన్ని 307కి దించండి. ఆ తర్వాత కూడా తగిలితే అన్ని కోర్ల స్పీడును 100 మెగాహెర్ట్జ్ తగ్గించడమే నేను సరైన దారి అంటాను.

7. వేడి తగిలితే

ముందు గ్రాఫ్ చూడండి. వేడి ఎలా పెరిగిందన్నదే చాలావరకు జవాబు చెబుతుంది.

లోడ్ పెట్టిన ఒకటి రెండు సెకన్లలోనే 100కి ఎగబాకితే కూలర్ సరిగ్గా అతుక్కోలేదు, లేదా వోల్టేజీ మరీ ఎక్కువగా ఉంది. ఐదు, పది నిమిషాలు నెమ్మదిగా పెరిగి 100 చేరితే గాలి ప్రవాహం, రేడియేటర్, గది వేడి కారణం.

ఎగబాకే రకానికి:

- కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశారా? కొత్తగా బిగించిన వాటిలో ఇది తరచుగా మర్చిపోతుంటారు.
- పెద్ద కోర్ల మధ్య తేడా 15 డిగ్రీలకు మించిందా? మించితే పేస్ట్ తుడిచి మళ్లీ రాయండి, స్క్రూలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి.
- ఎల్‌జీఏ1700 సాకెట్‌లో గొళ్లెం నొక్కుడికి ప్రాసెసర్ మధ్యలో కొద్దిగా వంగుతుంది. కాంటాక్ట్ ఫ్రేమ్ పెడితే కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. మరీ గట్టిగా బిగిస్తే సిస్టమ్‌కు ర్యామ్ కనబడకుండా పోవచ్చు, జాగ్రత్త.
- వాటర్ కూలర్ అయితే పంపు తిరుగుతోందా? హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఆర్‌పీఎం చూడండి. పంపు హెడర్‌ను ఎప్పుడూ ఫుల్ స్పీడులో ఉంచండి.

నెమ్మదిగా పెరిగే రకానికి ఒక తేలిక పరీక్ష: క్యాబినెట్ పక్క పలక తీసి మళ్లీ నడపండి. ఐదు డిగ్రీలకు మించి తగ్గితే క్యాబినెట్‌లో గాలి చాలడం లేదు. తగ్గకపోతే కూలర్‌కే ఆ వాట్లు భారమవుతున్నాయి.

ఇక మన ఊళ్ల సంగతి. గది వేడి పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడీ దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. జనవరిలో తెల్లవారుజామున 25 డిగ్రీల గదిలో 86 దగ్గర నిలిచిన ఓవర్‌క్లాక్, మే నెల మధ్యాహ్నం ఏసీ లేని రేకుల గదిలో నిలవదు. చలికాలంలో సెట్ చేసుకునేవాళ్లు కనీసం 12 డిగ్రీల ఖాళీ వదులుకోవాలి. లేదా రెండు ప్రొఫైళ్లు సేవ్ చేసుకోండి, వేసవికి ఒకటి, మిగతా నెలలకు ఒకటి. ఇందులో చిన్నతనమేమీ లేదు. 7950ఎక్స్‌కు ఎకో మోడ్‌లో 142 వాట్లు ఇచ్చినా రెండర్ స్పీడు పెద్దగా తగ్గదు, గది మాత్రం తేడా తెలిసేంత చల్లబడుతుంది.

దుమ్ము ఊరిని బట్టి మారుతుంది. నెల్లిమర్ల, బొబ్బిలి జూట్ మిల్లుల చుట్టుపక్కల సన్నటి నార రేడియేటర్ రెక్కల మధ్య చిక్కుకుని మెత్తటి పొరలా పేరుకుంటుంది. పలాసలో జీడిపిక్కలు కాల్చే చోట్లకు దగ్గరగా ఉంటే దుమ్ము జిడ్డుగా అంటుకుంటుంది, ఊదితే పోదు, మెత్తటి బ్రష్ కావాలి. భావనపాడు, కళింగపట్నం, భీమిలి లాంటి తీరంలో ఉప్పు గాలి లోహపు రెక్కలను తినేస్తుంది. వేసవిలో నెలకోసారి ఫిల్టర్లు కడగండి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి.

ఐస్ పెట్టెలు, పెల్టియర్ పలకలతో గది కన్నా చల్లగా చేయాలని చూడకండి. మన తీరంలో వేసవిలో గాలి తేమ ఎంతంటే మంచు బిందువు 25 డిగ్రీలు దాటడం మామూలే. అంతకన్నా చల్లబడిన ప్రతి చోటా నీరు పడుతుంది. అది సాకెట్‌లోకి వెళితే బోర్డు పోతుంది.

8. వీఆర్ఎం (ప్రాసెసర్‌కు కరెంటు అందించే బోర్డు సర్క్యూట్), బయటి బ్రేకు

వాటర్ కూలర్ పెట్టినవాళ్లకు ఇది ఎక్కువ. టవర్ కూలర్ ఫ్యాన్ గాలి సాకెట్ చుట్టూ కొంత తగిలేది, ఇప్పుడు ఆ గాలి లేదు. వీఆర్ఎం 100 డిగ్రీలు దాటాక కొన్ని బోర్డులు ప్రోక్‌హాట్ సంకేతం పంపి స్పీడును ఒక్కసారిగా పాతాళానికి దించుతాయి. ప్రాసెసర్ 70 డిగ్రీల దగ్గర ఉండగానే క్లాక్ 800 మెగాహెర్ట్జ్ దగ్గరికి పడిపోతే ఇదే అనుమానం.

హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వీఆర్ మాస్ ఉష్ణోగ్రత చూడండి. హీట్‌సింక్ మీదికి చిన్న ఫ్యాను ఒకటి తిప్పి మళ్లీ పరీక్షించండి. మార్పు కనిపిస్తే పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ అవసరం. బోర్డు పైభాగంలో రెండు 8 పిన్ పవర్ సాకెట్లు ఉంటే రెండింటికీ విడివిడి కేబుళ్లు తగిలించండి. లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ను (ఎల్ఎల్‌సీ, లోడ్ మీద వోల్టేజీ పడిపోకుండా చూసే సెట్టింగు) అతి బలమైన లెవల్‌లో పెట్టి ఉంటే మధ్యకు దించండి, ఆ లెవల్‌లో వోల్టేజీ ఎగుడుదిగుళ్లు పెరుగుతాయి.

9. ఇంటి కరెంటు

సాయంత్రం లో వోల్టేజీకి ప్రాసెసర్ థ్రాటిల్ అవుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) తన హద్దులో ఉన్నంతకాలం ప్రాసెసర్‌కు 12 వోల్టులే అందిస్తుంది. వోల్టేజీ తగ్గితే పొలం మోటారు మూలుగుతుంది, ఎస్ఎంపీఎస్ మాత్రం చప్పుడు చేయకుండా అదే పవర్ కోసం గోడ నుంచి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఇక నిలవలేనప్పుడు కంప్యూటర్ ఒక్కసారిగా ఆరిపోతుంది.

కాబట్టి లక్షణం చూడండి. స్పీడు తగ్గి కంప్యూటర్ నడుస్తూనే ఉంటే ఈ భాగం మీకు సంబంధించింది కాదు. హఠాత్తుగా ఆరిపోతుంటే, అదీ వీధిలో లైట్లు మసకబారే వేళే అయితే, ఇవి చూసుకోండి:

- ఎస్ఎంపీఎస్ మీద స్టిక్కర్ చదవండి. 100–240 వోల్టులు అని ఉంటే మేలు. 200–240 అని ఉన్నవి 180 దగ్గర నిలవకపోవచ్చు.
- సాధారణ 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. 253 వాట్ల ప్రాసెసర్, పెద్ద గ్రాఫిక్స్ కార్డు కలిస్తే అది చాలదు. కరెంటు పోగానే బీప్ కొట్టి ఆరిపోతుంది.
- ఇంటి ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దేనా? స్క్వేర్ వేవ్ మీద కొన్ని ఎస్ఎంపీఎస్‌లు ఇబ్బంది పెడతాయి.
- క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఎర్తింగ్ లేదు. ఓవర్‌క్లాకింగ్ పక్కన పెట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

రోజూ అదే వేళకు వోల్టేజీ పడిపోతుంటే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి.

10. ఏ హద్దూ ఎస్ చూపడం లేదు, స్కోరు మాత్రం తగ్గింది

అన్నింటిలోకీ ఎక్కువగా విసిగించేది ఇది. క్లాక్ 5.7 అనే చూపిస్తుంది, లిమిట్లన్నీ నో, సినీబెంచ్ మాత్రం నిన్నటికన్నా వేలల్లో తక్కువ.

మొదట ఎఫెక్టివ్ క్లాక్ చూడండి. ఫుల్ లోడులో అది మామూలు క్లాక్‌కు దగ్గరగా ఉండాలి. 5.7 చూపుతూ ఎఫెక్టివ్ 5.1 ఉంటే ప్రాసెసర్ లోలోపల క్లాక్‌ను సాగదీస్తోంది. ఏఎండీలో వోల్టేజీ మరీ తగ్గించినప్పుడు ఇలా జరుగుతుంది. ఇంటెల్ 13, 14వ తరాల్లో సీఈపీ అనే రక్షణ ఈ పని చేస్తుంది. ఏసీ లోడ్‌లైన్ (ప్రాసెసర్ అడిగే వోల్టేజీని మార్చే బయోస్ సెట్టింగు) బాగా తగ్గించి అండర్‌వోల్ట్ చేసినవాళ్లకు, అంటే వోల్టేజీ తగ్గించినవాళ్లకు, ఇది తరచుగా ఎదురవుతుంది. వేడి తగ్గింది, వాట్లు తగ్గాయి అని సంతోషిస్తాం, నిజానికి పనే తగ్గి ఉంటుంది.

సీఈపీని ఆఫ్ చేయమని చాలామంది చెబుతారు. ఇంటెల్ దాన్ని ఆన్‌లోనే ఉంచమంటుంది. అండర్‌వోల్ట్‌ను స్కోరు తిరిగొచ్చే వరకు ఒక్కో మెట్టు వెనక్కి తీసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇంకా చూడవలసినవి:

- విండోస్ పవర్ ప్లాన్‌లో మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం ఉందా? ఉంటే టర్బోనే ఆగిపోతుంది. 100 చేయండి.
- బయోస్‌లో ఏవీఎక్స్ ఆఫ్‌సెట్ పెట్టి మర్చిపోయారా?
- రెండు మూడు మానిటరింగ్ ప్రోగ్రాములు ఒకేసారి నడుస్తున్నాయా? ఒకటే ఉంచండి.
- ప్యాకేజీ పవర్ నమ్మదగినదేనా? ఇంటెల్‌లో లోడ్ మీద వీఐడీ (ప్రాసెసర్ అడిగే వోల్టేజీ), వీకోర్ దగ్గరదగ్గరగా ఉండాలి. చాలా తేడా ఉంటే డీసీ లోడ్‌లైన్ (వాట్ల లెక్కకు వాడే బయోస్ సెట్టింగు) మీ ఎల్ఎల్‌సీతో సరిపోలడం లేదు, చూపే వాట్లు తప్పు. అప్పుడు ప్రాసెసర్ లేని పవర్ లిమిట్‌కు ఆగిపోవచ్చు, ఉన్న లిమిట్ దాటిపోనూవచ్చు.

11. ఓవర్‌క్లాక్ మళ్లీ ఎక్కించే వరుస

1. హద్దులు తేలాక, అండర్‌వోల్ట్ నిలిచాక మాత్రమే మల్టిప్లయర్ ముట్టుకోండి.
2. అన్ని పెద్ద కోర్లకూ ఒక్క మెట్టు, అంటే 100 మెగాహెర్ట్జ్.
3. పది నిమిషాల సినీబెంచ్. లిమిట్ వరుసలు చదవండి.
4. స్కోరు పెరిగిందా? క్లాక్ పెరిగి స్కోరు పెరగకపోతే ఆ మెట్టు పనికిరాదు, వెనక్కి రండి.
5. గంట ఓసీసీటీ. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ ఎర్రర్లు (హార్డ్‌వేర్ తప్పుల నమోదులు) ఉన్నాయా చూడండి. సిస్టమ్ ఆగకపోయినా ఆ ఎర్రర్ ఉందంటే నిలకడ లేనట్టే.
6. చివర్లో ర్యామ్‌కు ఎక్స్ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేసి మళ్లీ పరీక్ష.
7. మీ సొంత ప్రాజెక్టు ఒకటి పూర్తిగా రెండర్ చేసి, వీడియో మొదటి నుంచి చివరి వరకు చూడండి. ఫ్రేములు చెడిపోతే అక్కడే తెలుస్తుంది.

ఒక్కసారికి ఒక్క సెట్టింగే మార్చాలి. మూడు మార్చి బాగుపడినా ఏది పనిచేసిందో తెలియదు, పాడైనా దేనివల్లో తెలియదు.

సిస్టమ్ అసలు లేవకపోతే ఎస్ఎంపీఎస్ స్విచ్ ఆఫ్ చేసి, బోర్డు మీద సీమాస్ బ్యాటరీ ఐదు నిమిషాలు తీసి పెట్టండి. అన్నీ డిఫాల్ట్‌కు వస్తాయి.

12. స్టాక్‌లో కూడా తప్పులొస్తుంటే

అన్నీ డిఫాల్ట్‌కు తెచ్చాక, కొత్త బయోస్ మీద, ఎక్స్ఎంపీ ఆఫ్‌లో ఉండగా కూడా ఇవి కనిపిస్తే సెట్టింగులతో పోరాడటం ఆపేయండి:

- గేములు వీడియో మెమరీ చాలడం లేదని చెప్పి మూసుకుపోవడం
- పెద్ద జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు తప్పులు
- షేడర్లు (గేమ్ బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవుతుండగా క్రాష్‌లు
- ఇదివరకు నిలిచిన స్పీడుకు ఇప్పుడు ఎక్కువ వోల్టేజీ కావాల్సి రావడం

ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఇవి దెబ్బతిన్న చిప్‌కు గుర్తులు. దెబ్బతిన్నాక బయోస్ అప్‌డేట్ దాన్ని బాగుచేయలేదు. ఈ సమస్య ఉన్న బాక్స్ ప్రాసెసర్లకు ఇంటెల్ 2024లో వారంటీని మరో రెండేళ్లు పెంచింది, మొత్తం ఐదేళ్లు. విశాఖలోనో ఆన్‌లైన్‌లోనో కొన్న బిల్లు, పెట్టె మీది సీరియల్ నంబరు, ప్రాసెసర్ మూత మీది అక్షరాల ఫోటో, స్టాక్ సెట్టింగుల్లో వచ్చిన ఎర్రర్ల స్క్రీన్‌షాట్లు ఒకచోట చేర్చి క్లెయిమ్ పెట్టండి. మార్చి ఇచ్చిన ప్రాసెసర్ వచ్చాక, దాన్ని బిగించే ముందే బోర్డు బయోస్ తాజాదో కాదో మరోసారి చూసుకోండి.